పావు తక్కువ మూడు

"జర సర్దుకోండ్రి" అన్న ఒక్క మాట మీద నేను ఉద్యోగమంతా జీతం తీసుకున్నాను. నవ్వకండి, నిజమే చెప్తున్నాను. వరంగల్లులో ఒక కాలేజీలో ఫిజిక్సు పాఠం చెప్పడం నా పనిలో సగం. మిగతా సగం, బొంబాయిలో రియాక్టర్ల మీద పనిచేసేవాళ్ళకు లెక్కలు చేసిపెట్టడం. ఆ లెక్కల్లో మా వంతుకు వచ్చింది అణు సమాచారాన్ని సర్దడం. ఈ దారిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఎప్పుడు కలిసినా ఒకటే అడుగుతారు: "సార్, ఆ రోజుల్లో సరైన కంప్యూటర్లు లేకుండా ఎట్లా చేసిన్రు?" అడగాల్సింది అది కాదు. సర్దడం ఎక్కడ ఆపాలో ఎట్లా తెలిసింది అని అడగాలి. ఆ జవాబు కోసమే ఈ నాలుగు మాటలు. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఏ కమిటీలో కూర్చున్నాను అనే సోది మీకు అక్కర్లేదు. నాకూ గుర్తులేదు.

అసలు పని ఏమిటి

రియాక్టరు లోపల న్యూట్రాన్లు తిరుగుతుంటాయి. ఒక న్యూట్రాను పోయి యురేనియం కేంద్రకానికి తగిలితే ఆ కేంద్రకం పగిలి ఇంకొన్ని న్యూట్రాన్లను వదలొచ్చు. లేదా వచ్చినదాన్ని మింగి ఊరుకోవచ్చు. లేదా గోడకు కొట్టిన బంతిలా దాన్ని వెనక్కి పంపొచ్చు. వీటిలో ఏది ఎంత తరచుగా జరుగుతుందో చెప్పే అంకెలనే అణు సమాచారం అంటాం. ఎవరో ఎక్కడో ప్రయోగశాలలో కష్టపడి కొలిచిన అంకెలవి. ప్రతి అంకె పక్కనా ఇంత అటూ ఇటూ ఉండొచ్చు అని ఒక హద్దు కూడా రాసి ఉంటుంది.

ఈ అంకెలు వేసి లెక్క కడితే, ఎంత ఇంధనం పేరిస్తే గొలుసు చర్య ఆరిపోకుండా, పెరిగిపోకుండా తనంతట తాను నిలబడుతుందో తెలియాలి. తెలియాలి అన్నాను గానీ, తెలిసేది కాదు. లెక్క ఒకటి చెప్పేది, చిన్న నమూనా రియాక్టరు పేర్చి కొలిస్తే ఇంకొకటి వచ్చేది. తప్పు ఏ అంకెది? సాధారణంగా అన్నిటిదీ కొంచెం కొంచెం. అందుకని కొలతకు దగ్గరయ్యేలా అన్ని అంకెలనూ తలా కాస్త జరుపుతాం. అదే సర్దుబాటు.

కాజీపేట నుంచి కాశిబుగ్గ పోయే బస్సు ఎక్కినవాళ్ళకు దీన్ని వేరే చెప్పక్కర్లేదు. ముగ్గురు కూర్చున్న సీటు దగ్గరికి నాలుగోవాడు వచ్చి "జర సర్దుకోండ్రి" అంటాడు. అంచున తేలిగ్గా కూర్చున్నవాడు ఎక్కువ జరుగుతాడు. కిటికీ పక్కన మూట పెట్టుకుని పాతుకుపోయినవాడు ఏదో మర్యాదకు కదిలినట్టు కదులుతాడు. మొగుడూ పెళ్ళాం ఉంటే ఇద్దరూ కలిసే జరుగుతారు. మా అంకెలూ అంతే. హద్దు పెద్దగా ఉన్న అంకె ఎక్కువ జరుగుతుంది, గట్టిగా కొలిచిన అంకె ఇసుమంత జరుగుతుంది, ఒకే పరికరంతో కొలిచిన అంకెలు జంటగా జరుగుతాయి. దీనికి పెద్ద పెద్ద మాతృకలు, సూత్రాలు ఉన్నాయి. నేర్చుకోండి, తప్పదు. కానీ బస్సును మరచిపోతే ఆ సూత్రాలు మిమ్మల్ని నిండా ముంచుతాయి. నన్ను ముంచబోయాయి.

కార్డుల పెట్టె

డెబ్బైల చివరి సంగతి ఇది. పెద్ద లెక్కలకు వరంగల్లులో దిక్కులేదు. కంప్యూటరు చదివేలా రంధ్రాలు కొట్టిన కార్డులను రబ్బరు బ్యాండ్లు వేసి, రేకు పెట్టెలో సర్దుకుని, కాజీపేటలో రైలెక్కి హైదరాబాదు పోవాలి. అక్కడ ఒక సంస్థ కంప్యూటరు మీద మాకు ఇచ్చిన కాస్త సమయంలో లెక్క నడిపించుకుని, ఫలితం అచ్చయిన మడతల కాగితం చంకన పెట్టుకుని తిరిగి రావాలి. పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఎదుటి సీటాయన "ఏం సరుకు సార్, బ్లౌజు పీసులా?" అని అడిగేవాడు. ఔనంటే బేరమాడతాడు, కాదంటే తెరిచి చూపించమంటాడు. నేను నిద్ర నటించేవాణ్ణి.

నాతో పాటు ఈ పనిలో ఉన్నది రూత్. నా దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి. కాజీపేట క్రైస్తవ కుటుంబం. వాళ్ళమ్మ మిషన్ దవాఖానలో నర్సు, తండ్రి లేడు, ఇద్దరు తమ్ముళ్ళు చదువుతున్నారు. రూత్ ఫెలోషిప్ ఆ ఎండాకాలంతో అయిపోతుంది. థీసిస్ అయితే హన్మకొండలో ఒక ఆడపిల్లల కాలేజీలో లెక్చరర్ పోస్టు సిద్ధంగా ఉంది. థీసిస్ కాకపోతే ఆ పోస్టు ఇంకొకరికి పోతుంది. "అమ్మకు నైట్ డ్యూటీలు బంద్ చేయించాలె సార్, గంతే నా ఆశ" అని ఒకసారి నాతో అంది. అటువంటి పిల్ల పని తాత్సారం చేస్తే పాపం తగులుతుంది.

ఆమె థీసిస్ ఏమిటంటే, బొంబాయిలో చేసిన నమూనా ప్రయోగాలన్నిటికీ కుదిరేలా అణు సమాచారాన్ని సర్ది, ఆ సర్దిన అంకెలతో అక్కడ కొత్తగా కట్టిన ఒక చిన్న రియాక్టరు ఎంత ఇంధనానికి నిలబడుతుందో ముందే చెప్పడం. చెప్పిన అంకె నిజమైతే సరే. కాకపోతే ఏళ్ళ పని బూడిదలో పోసిన పన్నీరు.

అందరూ ఒక్క దిక్కే

ఒకరోజు హైదరాబాదు నుంచి ఫలితం పట్టుకొచ్చాను. చూస్తే నాకు సంతోషంగానే ఉంది. సర్దుబాటు అయ్యాక లెక్కలు ప్రయోగాలకు చాలా దగ్గరగా వచ్చాయి. "అయిపోయిందమ్మా, ఇక రాసెయ్" అన్నాను.

రూత్ కాగితం మీద వేలు పెట్టి ఒక్కో వరుసా చూసుకుంటూ పోయింది. ముఖంలో నవ్వు లేదు.

"సార్, యురేనియం మింగుడు పెరిగింది. పగులుడు తగ్గింది. సుట్టు పెట్టే గ్రాఫైటు వెనక్కి పంపుడు తగ్గింది. అన్ని గూడ న్యూట్రాన్లు తక్కువయ్యే దిక్కే పోయినయి."

"పోతే పోనీ. హద్దుల్లోనే ఉన్నాయి కదా?"

"కొన్ని హద్దు దాటినయి సార్. అది గాదు నా ఫికర్. బస్సుల నాలుగో మనిషి కూసుంటే కొందరు ఇటు, కొందరు అటు జరుగుతరు. ఈడ అందరు ఒక్క దిక్కే జరిగిన్రు. అంటే కూసున్నది మనిషి గాదు సార్. ఎవడో సీటు మీద సంచి పెట్టిండు."

నాకు చురుక్కుమంది. బస్సు ఉపమానం నాది, దాంతోనే నాకు వాత పెట్టింది. కానీ ఆమె చెప్పింది నూటికి నూరు పాళ్ళూ సబబు. సర్దుబాటు చేసే యంత్రానికి బుద్ధి ఉండదు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమనే రకం అది. ప్రయోగంలోనే తప్పు ఉంటే, ఆ తప్పును కూడా నిజమనుకుని మంచి అంకెలను వంచి దానికి చోటిస్తుంది. పైన చూస్తే అంతా చక్కగా కుదిరినట్టే కనిపిస్తుంది. ఈ రంగంలోకి వచ్చేవాళ్ళు గోడ మీద రాసి పెట్టుకోవాల్సిన మాట ఇదొక్కటే: కుదిరింది అంటే నిజమైంది అని కాదు.

పెద్దసారు

మా శాఖ పెద్ద శేషగిరిరావు గారు. కృష్ణా జిల్లా మనిషి, మద్రాసులో చదివారు. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, ఎదుటివాడి మాట సగంలో అందుకునే అలవాటు. ఆయన గదిలోనే శాఖ మొత్తానికి ఒక్క ఫోను ఉండేది. గోడ వారగా ఒక చెక్క బెంచీ ఉండేది. పరిశోధన విద్యార్థులు ఆ గదిలో కూర్చునేవారు కాదు. కూర్చోవద్దని ఆయన ఎన్నడూ అనలేదు, కూర్చోమనీ ఎన్నడూ అనలేదు.

సంగతి చెప్పాం. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఏమయ్యా, సున్నం కొట్టిన గోడకు మళ్ళీ మట్టి పూస్తానంటావు? కొన్ని అంకెలు హద్దు దాటాయి, అంతేగా? హద్దుల్నే కాస్త పెంచండి. అన్నీ లోపలికి వచ్చేస్తాయి. పరీక్షకుడు అదంతా తవ్వడు."

"హద్దు మనం కొలిచింది కాదు కదండీ, పెంచడానికి" అన్నాను.

"ఎవరు పెంచట్లేదు? అమ్మాయి ఫెలోషిప్ అయిపోతోంది. నువ్వు సత్యహరిశ్చంద్రుడిలా కూర్చుంటే దాని పోస్టు నువ్విస్తావా?"

ఆయన మీద నాకు కోపం వచ్చింది గానీ, ఒక మాట ఒప్పుకోవాలి. ఆయన ఆ పిల్ల మేలు కోరే అన్నారు. చెడ్డ సలహాలు చాలామటుకు మంచి మనసుతోనే వస్తాయి. అందుకే వాటిని కాదనడం కష్టం. నేను రూత్ వైపు చూశాను. నిర్ణయం ఆమెది. పోయేది కూడా ఆమెదే.

రూత్ నిలబడే ఉంది. "వద్దు సార్" అంది మెల్లగా. "రేపు ఆ రియాక్టర్ల ఇంధనం పెట్టేటోళ్ళు నా అంకె చూస్కుంట పెడ్తరు. గా అంకె తప్పని తెలిసి ఎట్ల ఇయ్యాలె?"

పెద్దసారు "మీ ఇష్టం" అని ఫైలు తెరిచారు. మా ఇద్దరినీ బయటికి పొమ్మని అర్థం. వరండాలోకి వచ్చాక రూత్ నా వైపు తిరిగింది. "ఎండాకాలందాక దొరుకుతదా సార్, ఆ సంచి?" అని అడిగింది. "దొరక్క చస్తుందా" అన్నాను. నాకే నమ్మకం లేదు.

సంచి ఎక్కడుంది

మళ్ళీ హైదరాబాదు పోవాలంటే కంప్యూటరు సమయం దొరకదు. రూత్ అంది, "పోవుడెందుకు సార్? ఏ అంకె ఎంత కదిలితే ఫలితం ఎంత కదులుతదో మనకాడ ఉన్నది. ఒక్కో ప్రయోగాన్ని పక్కకు పెట్టి చేతితోనే సర్దుదాం." శాఖలో చేత్తో తిప్పే లెక్కల యంత్రం ఒకటి ఉండేది, గానుగలా చప్పుడు చేసేది. ఆమె తిప్పుతూ అంకె చెప్పేది, నేను రాసుకునేవాణ్ణి. ఆమె అలిసిపోతే నేను తిప్పేవాణ్ణి, ఆమె రాసుకునేది. బస్సులోంచి ఒక్కొక్కరినే దించి, మిగిలినవాళ్ళు తమ చోట్లకు వస్తారా అని చూడటం, అంతే పని.

చాలా ప్రయోగాలను దించి చూశాం. ఎవరూ కదల్లేదు. ఒకే ఒక్కదాన్ని దించగానే అందరూ తమ తమ చోట్లకు వెళ్ళి బుద్ధిగా కూర్చున్నారు. చుట్టూ గ్రాఫైటు పలకలు పేర్చి చేసిన ప్రయోగం అది. గ్రాఫైటు, బయటికి పారిపోయే న్యూట్రాన్లను వెనక్కి పంపుతుంది. పలకలు ఎంత మందంగా ఉంటే అంత ఎక్కువ వెనక్కి వస్తాయి. ఆ మందంలో ఎక్కడో తేడా ఉంది.

మేం లెక్కలో వేసిన మందం మూడుంపావు అంగుళాలు. ఆ ప్రయోగం చేసిన విశ్వనాథం నా పాత విద్యార్థి. వరంగల్లు చౌరస్తాలో వాళ్ళ నాన్నకు బట్టల దుకాణం. బొంబాయి పోయినా వాడి భాషకు ఇక్కడి ధూళి వదల్లేదు. ప్రయోగంలో చివరి నిమిషంలో పలకలు మార్చి, ఆ కొత్త మందం ముందుగా ఫోనులో చెప్పాడు. కాగితం తర్వాత పంపుతానన్నాడు. తర్వాత పంపుతానన్న కాగితం ఎప్పుడైనా వచ్చిందా, ఇది వస్తుంది? ఆ ఫోను వచ్చినప్పుడు నేను క్లాసులో ఉన్నాను. ఎత్తింది పెద్దసారు.

ఈ మాట తట్టింది సరే. ఆయన్ని ఎట్లా అడగాలి?

ట్రంకు కాల్

అడక్కుండా ట్రంకు కాల్ బుక్ చేశాను. ఫోను ఆయన గదిలోనే కాబట్టి ఆయనా ఉన్నారు. నేను బల్ల పక్కన, రూత్ గుమ్మం దగ్గర. లైను కలిసింది. అటునుంచి ఒకటే గరగర.

"విశ్వనాథం, గ్రాఫైటు మందం ఎంత?" అని అరిచాను.

"ఆనాడే చెప్పిన గదా సార్! పావు తక్కువ మూడు!"

"ఏంటీ?"

"పావు... మూడు సార్!"

మధ్యలో మాట గరగరలో కొట్టుకుపోయింది. రిసీవరు చెవికి అదుముకున్నాను. "మళ్ళీ చెప్పు. ముక్కముక్కగా చెప్పు."

"పావు. తక్కువ. మూడు. రెండు ముప్పావు సార్!"

"మరి రెండు ముప్పావు అని ఏడవచ్చు కదరా!"

వాడు నవ్వాడు. "మా బాపు గట్ల అననియ్యకపోతుండె సార్. గిరాకి చెవుల తక్కువ అన్న మాట పడాలె అంటుండె. చిన్నప్పటి సంది గదే నోట్లెకొస్తది."

కొనవచ్చినవాడి చెవిలో పడాలని దుకాణంలో నేర్పిన ఆ ఒక్క మాటే ట్రంకు లైనులో పడిపోయింది. మూడుకు పావు తగ్గాల్సింది పోయి, మూడు మీద పావు పెరిగి కూర్చుంది. అర అంగుళం గ్రాఫైటు, లేనిది ఉన్నట్టు లెక్క వేశాం. లేని గ్రాఫైటు వెనక్కి పంపే న్యూట్రాన్లను తగ్గించడానికి పాపం యురేనియం అంకెలన్నీ వంగి వంగి సలాములు కొట్టాయి.

ఫోను పెట్టేసి మందం ఎంతో చెప్పాను. ఎవరు విన్నారు, ఎట్లా విన్నారు అనలేదు. పెద్దసారు ఏమంటారో అని చూశాను. లైను బాగాలేదనొచ్చు. వాడే తప్పు చెప్పాడనొచ్చు. మాకు ఆయన్ని కాదనే ధైర్యం లేదు.

ఆయన ఫోనును పక్కకు జరిపారు. తర్వాత రూత్ వైపు తిరిగారు.

"ఆ ఫోనెత్తింది నేనేనమ్మా. పావు, మూడు అని వినపడింది. మూడుంపావు అనుకున్నాను. మళ్ళీ అడగాలని తోచలేదు నాకు." ఆ వెంటనే తనే, "హద్దులు పెంచమన్నాను కూడానూ" అన్నారు. "పెంచి ఉంటే నా తప్పు నీ పేరు మీద అచ్చయ్యేది."

ఆ క్షణాన ఆయన మీద నాకున్న పాత కోపాలన్నీ దిగిపోయాయి. బతుకు జీవుడా అనుకున్నాను. నేను చాలామంది పైఅధికారుల కింద చేశాను. తెలివైనవాళ్ళు ఎందరో ఉన్నారు. "అది నేనే" అని ఎవరూ అడగకముందే అన్నవాళ్ళు ఒక చేతి వేళ్ళకు సరిపోతారు.

బెంచీ మీద

సరైన మందం వేసి మళ్ళీ సర్దాం. ఈసారి అంకెలు కొన్ని ఇటు, కొన్ని అటు, తలా కాస్త జరిగాయి. అన్నీ హద్దుల్లోనే. పెద్దసారే హైదరాబాదుకు ఫోను చేసి కంప్యూటరు సమయం బతిమాలి ఇప్పించారు. రూత్ థీసిస్ రాసింది. కానీ బొంబాయి పరీక్షకుడు మెలిక పెట్టాడు: "కొత్త రియాక్టరులో ఇంధనం నింపుతున్నాం కదా, ఆమె చెప్పిన దగ్గర నిలబడితే అప్పుడు సంతకం పెడతాను." ఆయన్ని తిట్టుకున్నాను గానీ, ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ణేమో.

ఇంధనం ఒక్కో మెట్టు పెంచుతూ, న్యూట్రాన్లను లెక్కపెట్టుకుంటూ పోతారు. ఒకనాటి మధ్యాహ్నం ఫోను వస్తుందని కబురొచ్చింది. ఎండ మండిపోతోంది. నేను బెంచీ మీద కూర్చున్నాను. పెద్దసారు తన కుర్చీలో కూర్చోలేక ఆయనా వచ్చి బెంచీ మీద నా పక్కన కూర్చున్నారు. రూత్ యథాప్రకారం గుమ్మం దగ్గరే నిలబడింది. కొంగు చివర వేలికి చుడుతోంది, విప్పుతోంది.

ఫోను మోగింది. పెద్దసారు లేవలేదు. "అమ్మాయ్, నువ్వే ఎత్తు" అన్నారు.

విశ్వనాథం గొంతు మాక్కూడా వినపడేంత గట్టిగా అరుస్తున్నాడు. రూత్ "అన్నా, తెలుగుల వద్దే! ఇంగ్లీషుల, ఒక్కొక్క అంకె చెప్పు" అంది. వాడు చెప్తుంటే ఒక్కొక్కటీ తిరిగి పలికింది. అయ్యాక మొదటి నుంచీ మళ్ళీ చెప్పించుకుంది. "ఏందమ్మా, ఇంక నమ్మవా?" అని వాడు గునిశాడు. "నమ్ముతనే. అయినా చెప్పు" అంది.

ఫోను పెట్టి మా వైపు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు, ముఖమంతా నవ్వు. "ఆడనే నిలబడ్డది సార్. మనం చెప్పినకాడనే."

పెద్దసారు కళ్ళజోడు తీసి మళ్ళీ తుడుచుకుంటున్నారు. అప్పుడు రూత్ నాలుగడుగులు వేసి మా బెంచీ ముందుకొచ్చింది. ఇన్నేళ్ళుగా ఆ గదిలో ఎన్నడూ కూర్చోని పిల్ల.

"జర సర్దుకోండ్రి సార్" అంది.

మేమిద్దరం చెరో దిక్కుకు జరిగాం.